సెంటు పూసుకోని రోజు

"చిన్న అసైన్‌మెంట్," అన్నాడు చీఫ్. "ఎలుకలకు కాపలా."

ఏజెంట్ కోడ్ నేమ్ పిల్లి. చీఫ్ మాత్రం నవ్వలేదు.

బ్రీఫింగ్ సూటిగా సాగింది. ఒక ల్యాబ్‌లో లివర్ గట్టిపడిపోయిన ఎలుకల పేగుల్లోకి మంచి బ్యాక్టీరియాను ఎక్కించారు. లివర్లు కోలుకున్నాయి. ఇన్‌స్పెక్టర్లు వచ్చి చూసి సరేనంటే, అదే మందు మొదటిసారి మనుషులకు ఇస్తారు. ఈలోగా దాన్ని చెడగొట్టి, తమ సొంత మందు అమ్ముకోవాలని ఒక విదేశీ ముఠా కాచుకుని ఉంది. వాళ్లకు బాంబులతో పనిలేదు. చెడ్డ బ్యాక్టీరియా ఉన్న ఒక్క ఎలుకను ఆ బోనులో వదిలితే చాలు. ఎలుకలు ఒకదాని పెంటికలు ఇంకొకటి తింటాయి. ఒకదాని పేగులో ఉన్నది అన్నిటికీ అంటుకుంటుంది, ఆ తర్వాత వదిలించడం ఎవరి తరమూ కాదు.

"మందు అందుకోబోయే మొదటి పేషెంట్ మీ చెల్లెలు," అన్నాడు చీఫ్. "అందుకే నిన్ను పంపకూడదు. అందుకే పంపుతున్నాను."

పిల్లి బోనులు కడిగే పనివాడి వేషం కట్టాడు. చేతి వాచీలో స్కానర్. ల్యాబ్ ఎలుకలన్నిటికీ చర్మం కింద చిప్ ఉంటుంది. చిప్ లేని ఎలుక దగ్గరికొస్తే వాచీ వణుకుతుంది.

ల్యాబ్ పై అంతస్తు ఆఫీసులో ఆమె ఉండేది, పిల్లి పెళ్లాడబోయే మనిషి. ముఠాలో చేరినట్టు నటిస్తున్న మన ఏజెంట్. గుర్తుమాటగా "వాన పడేలా ఉంది" అని ఆమె అంటే, "గొడుగు తెచ్చాను" అని అతను అనాలి. మనిషి కంటే ముందు ఆమె సెంటు లిఫ్ట్ దిగేది. పెళ్లి ఇంకా కాకపోయినా చెల్లెలు ఆమెను వదినా అనే పిలిచేది. సెలవు రోజుల్లో ఆమె ఆస్పత్రికెళ్లి, మంచం మీద కూర్చుని చెల్లెలికి జడ వేసేది. పిల్లికి ప్రపంచంలో ఉన్నది ఆ ఇద్దరే.

ఒక మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఆమె ఎదురుగా కూర్చుంది. చెల్లెలు నిన్ను చూడాలంటోంది, వెళ్లిరా, ఇక్కడి సంగతి నేను చూసుకుంటానంది. పిల్లి సంతోషంగా లేచాడు. గేటు దాటాక ఏదో వెలితిగా తోచింది. తీరా ఆలోచిస్తే, ఆమె సెంటు పూసుకోలేదు.

ఆ బిల్డింగ్‌లో సెంటు మానేది ఎలుకల గదిలోకి వెళ్లేవాళ్లే. ఆ వాసనకు ఎలుకలు బెదిరి గోల చేస్తాయి. ఆమెకు ఆ గదిలో పనేమీ లేదు.

పిల్లి వెనక్కి పరుగెత్తాడు.

అప్పటికే ఎలుకల గదిలో ఆమె గౌను, మాస్కు తొడుక్కుని బోను మూత ఎత్తింది. రెండో చేత్తో తోక పట్టుకుని ఒక ఎలుకను వేలాడదీసింది. అతని వాచీ వణికింది.

"మూత వేసెయ్."

"నిన్ను ఆస్పత్రికి వెళ్లమన్నాను కదా," అందామె.

"వెళ్లి, చెల్లికేం చెప్పను?"

ఆమె కళ్లు నిండాయి. "జడ వేసినప్పుడు మాత్రం నటించలేదు. అదొక్కటి నమ్ము."

అంటూనే వేళ్లు వదిలేసింది. పిల్లి అరచెయ్యి చాచాడు. బోనుకు జానెడు ఎత్తులో ఎలుక చేతిలో పడి, కసిక్కున కొరికింది. అతను పిడికిలి విప్పలేదు. ఆ జడ మాట నమ్మాడు, అదీ బాధ. కొరికిన చోట నొప్పి తెలియనంత బాధ.

పిల్లి కేకకు వచ్చిన గార్డులు తీసుకెళ్తుంటే గుమ్మం దగ్గర ఆమె ఆగింది.

"వాన పడేలా ఉంది," అంది మెల్లగా.

అతను పిడికిట్లోని ఎలుకను ఖాళీ డబ్బాలో వేసి మూత బిగించాడు.

ఇన్‌స్పెక్టర్లు వచ్చారు, సరేనన్నారు. చెల్లెలికి మందు ఎక్కించారు. కళ్లలో పసుపు తగ్గి, లేచి కూర్చున్న రోజున అడిగింది: "వదిన ఏది?"

"ట్రాన్స్‌ఫర్ అయింది."

"నాకు చెప్పకుండానా?"

అతను దువ్వెన తీసుకుని జడ వేయడానికి కూర్చున్నాడు. వంకర జడ చూసి చెల్లెలు నవ్వింది. అతను ఆమె వెనకే ఉండిపోయాడు, మొహం కనబడకుండా.

మర్నాడు చీఫ్ తెగ మెచ్చుకున్నాడు. ఆ ముక్కు డిపార్ట్‌మెంట్‌కే ఆస్తి అన్నాడు. పిల్లి సెలవు అడిగాడు, జలుబు చేసిందని.

ఎర్రబడ్డ ఆ కళ్లను చీఫ్ కాసేపు చూసి, సంతకం పెట్టాడు.

"ఈ జలుబు త్వరగా తగ్గదోయ్," అన్నాడు. "నాకూ ఒకసారి చేసింది."