బ్రేకు పెడలు మీద ఎడమ పట్టీ

"పదకొండింటికి వాడికి ఉద్యోగం ఇస్తారు. ఇవ్వకూడదు," అన్నాడు గూఢచారుల ఆఫీసులో పెద్దాయన.

గుమాస్తా తలూపాడు. గుమాస్తా అన్నది మారుపేరు. మనిషి కూడా అలాగే ఉంటాడు, ఎవరూ రెండోసారి చూడరు. అదే ఆయన ఆయుధం.

సంగతేంటంటే, రేసు కార్లు చేసే కంపెనీ ఒకటుంది. దాని కొత్త ఇంజిను కాగితాల మీద పరాయి దేశం ముఠా కన్నేసింది. తమ మనిషిని లోపలికి పంపాలంటే వాడికి ఉద్యోగం రావాలి. ఉద్యోగం రావాలంటే సొంతంగా చేసిన డిజైను చూపించాలి. సొంతంగా చెయ్యడానికి వాడి మొహం, కొట్టేసిందే. లేతు మిషను మేస్త్రీ కూతురు ఒకమ్మాయి రెండేళ్లు కూర్చుని బ్రేకు పెడలు చేసుకుంది, ఆ కంపెనీలో చేరదామనే. ఉద్యోగాలిప్పిస్తానని బోర్డు పెట్టుకున్న కన్సల్టెంటమ్మ దగ్గర ఆ కాగితాలన్నీ నమ్మి పరిచింది. ఆవిడ కళ్లజోడులో కెమెరా.

"ఆవిడ మన మనిషే," అన్నాడు పెద్దాయన. "అటూ చేస్తుంది, ఇటూ చేస్తుంది. ఆవిడ పేరు బయటికి రాకూడదు."

"మరి ఆ పిల్ల?"

"పిల్ల మన కేసు కాదు."

గుమాస్తా లేచాడు. తిన్నగా మేస్త్రీ ఇంటికెళ్లాడు.

పదిన్నరకి కంపెనీ గేటు దగ్గర ఇద్దరు నేల తుడిచేవాళ్లు వచ్చారు. వాచ్‌మన్ మన మనిషే. ఫినాయిలు ఏ రంగని అడిగాడు. నల్లదన్నాడు గుమాస్తా. గేటు తెరుచుకుంది.

ఇంటర్వ్యూ గదిలో టేబులు మీద పెడలు తళతళలాడుతోంది. దాని వెనక కోటేసుకున్న కుర్రాడు. పక్కన కన్సల్టెంటమ్మ, పట్టు స్కార్ఫు, గదంతా సెంటు. ఎంత మంచి సెంటైనా ముక్కు మూసుకోవాలనిపించింది గుమాస్తాకి. ముసలి చీఫ్ ఇంజనీరు పెడలుని అటూ ఇటూ తిప్పి చూసి మురిసిపోయి, పెన్ను మూత తీసి ఉద్యోగం కాగితం మీద పేరు మొదలెట్టాడు. పదకొండుకి ఒక్క నిమిషం.

తుడిచే అమ్మాయి కర్ర గోడకి ఆనించింది.

"సార్, ఎడమ పక్క ఆ పట్టీ ఎందుకు పెట్టారో ఆయన్ని అడగండి."

"బలం కోసం," అన్నాడు కుర్రాడు.

"బలానికైతే కుడి పక్క కూడా ఉండాలిగా?"

కుర్రాడు కన్సల్టెంటమ్మ వైపు చూశాడు. ఆవిడ కిటికీ వైపు చూసింది.

"ఆకురాయి జారింది సార్," అంది అమ్మాయి. "ఎడమ పక్క రెండు మిల్లీమీటర్లు ఎక్కువ అరగదీసేశాను. ఇంకోటి చేద్దామంటే అల్యూమినియం అయిపోయింది. పట్టీ వెల్డింగు పెట్టి, దాని కొలతలే కాగితం మీదికెక్కించాను. ఈయన నా తప్పు కూడా వదల్లేదు."

చీఫ్ బరువుకి ఆగిందా అనడిగాడు. రెండొందల కిలోలకి వంగలేదంది. అంతకుముందు ఏడు విరిగాయని, ఒక్కోటీ ఎక్కడ విరిగిందో వేలు పెట్టి చూపించింది. ఆయన రాస్తున్న పేరు కొట్టేశాడు.

కుర్రాడు తలుపు వైపు ఉరికాడు. గుమాస్తా తడి గుడ్డ కర్ర కాళ్లకి అడ్డం పెట్టాడు. నేల అప్పుడే తుడిచిందేమో, వాడు గోడ దాకా జారాడు.

పిల్ల సోమవారం నుంచి ఉద్యోగంలో చేరింది. గూఢచారుల ఆఫీసులో మాత్రం కేసు ఛేదించింది కన్సల్టెంటమ్మేనని రాసుకున్నారు. నన్ను వేరే చోటికి మార్చెయ్యండని గుమాస్తా అడిగితే, మార్చాలంటే నువ్వు సొంతంగా చేసిన పనులన్నీ ఒక ఫైలు కట్టి ఇవ్వమన్నాడు పెద్దాయన.

ఆ ఫైలు ఎవరు చూస్తారని అడిగాడు గుమాస్తా.

"ఇంకెవరు, ఆవిడే."