దీవెన మధ్యలో లేవకూడదు

"పెళ్ళికి పోతున్నట్టు పో. చిన్ననాటి స్నేహితులను వెంట వేసుకో. సరిహద్దు లోయలో ఒంటరిగా తిరిగేవాణ్ణి గొర్రెలు కూడా గుర్తుపెట్టుకుంటాయి. గోల చేస్తూ పోయే గుంపును ఎవడూ పట్టించుకోడు."

బిష్కెక్‌లో, బయట పశువైద్య పరిశోధన అని బోర్డు ఉన్న భవనంలో, కర్నల్ అబ్దీవ్ ఈ ముక్క అన్నప్పుడే ఏజెంట్ ఎర్మెక్‌కు గుండెలో రాయి పడింది. మారువేషాలు, దొంగ పాస్‌పోర్టులు, కదిలే రైలు పైకప్పు మీద పరుగులు అతనికి మంచినీళ్ళ ప్రాయం. స్నేహితులతో ప్రయాణం మాత్రం ఇన్నేళ్ళ సర్వీసులో ఎన్నడూ చేయలేదు.

కర్నల్ బల్ల మీద ఒక ఫోటో పడేశాడు. రెండు మంచుకొండల మధ్య నీలం సరస్సు.

"సారీ-బెల్ సరస్సు. దాని మట్టిగట్టులో పొరుగుదేశపు ముఠా పేలుడు మందు పాతిపెట్టింది. తీయబోతే పేలుతుంది. పేల్చే రిమోట్ ఇంకా దారిలో ఉంది. తెచ్చేవాళ్ళ మారుపేరు కొండకోడి. ఆడో మగో తెలియదు. రిమోట్ ఏ రూపంలో ఉందో తెలియదు. సరస్సు గట్టు కంటికి కనబడే చోటునుంచి నొక్కితే చాలు."

"ఎప్పుడు?"

"గురువారం మధ్యాహ్నం. మన సైనిక కాన్వాయ్ కింది ఇరుకు లోయలోకి దిగగానే."

"కాన్వాయ్ ఆపేయండి."

"ఆపితే మనకు తెలిసిపోయిందని వాళ్ళకు తెలుస్తుంది. రిమోట్ అందిన మరుక్షణం పేల్చేస్తారు. కాన్వాయ్ మిగులుతుంది, కింద ఉన్న కాష్కా-సూ ఊరు మిగలదు."

"కాష్కా-సూ మా అమ్మ పుట్టిల్లు, సార్."

"తెలుసు. అందుకే నిన్ను పంపుతున్నా. అక్కడ నిన్నెవరూ అనుమానించరు."

"అనుమానించరు సార్. తిండి పెట్టి చంపుతారు."

"అది డిపార్ట్‌మెంట్ సమస్య కాదు," అన్నాడు కర్నల్. ఒక శాటిలైట్ ఫోన్, ఒక థర్మాస్ ఫ్లాస్కు ముందుకు తోశాడు. ఫ్లాస్కు లోపల సిగ్నల్ డిటెక్టర్ ఉంది. రిమోట్ ఇరవై అడుగుల దూరంలోకి వస్తే మూత సన్నగా వణుకుతుంది. "నారిన్‌లో మన మనిషి ఒకరు నిన్ను కలుస్తారు. కోడ్ మాట గుర్తుందిగా?"

ఎర్మెక్‌కు గుర్తుంది. గుర్తుండటం తప్పు కాదు గాని, ఆ మాట కనిపెట్టిన మహానుభావుడు జన్మలో బజారు మొహం చూసి ఉండడు.

*

వ్యాన్ బోలొత్‌ది. బడి రోజుల్లో కుస్తీ వీరుడు, ఇప్పుడు టైర్ల వ్యాపారి, మనిషి ఎదురుగా నిలబడితే అవతల ఏముందో కనబడదు. వ్యాన్ తాళం ఎప్పుడో నదిలో పడిపోయింది. అప్పటినుంచి స్క్రూడ్రైవర్‌తోనే స్టార్ట్ చేస్తున్నాడు. వెనక సీట్లో సాలమత్, పళ్ళ డాక్టరు. నోరు తెరిస్తే పాట, మూస్తే వాంతి.

నారిన్ బజారులో ఎర్మెక్ ఎండు పెరుగు ఉండలు అమ్మే ఆవిడ దగ్గరికి వెళ్ళి, గొంతు తగ్గించి కోడ్ అన్నాడు. "మెత్తని కుర్త్ ఉందా?"

ఆ ఉండలు గులకరాళ్ళంత గట్టిగా ఉంటాయి, ఉండాలి కూడా. ఆవిడ అతన్ని పైనుంచి కిందికి చూసింది.

"ఏమయ్యా, పళ్ళు ఊడాయా? ఏయ్ గుల్‌సారా! ఇటు చూడవే, ఈ అబ్బాయికి మెత్తని కుర్త్ కావాలంట!"

బజారు బజారంతా తిరిగి చూసింది. సాలమత్ పరుగున వచ్చి, "ఒరేయ్, పంటినొప్పి అయితే నాకు చెప్పాలిగా!" అంటూ నడిబజారులో అతని దవడ పట్టుకుని తెరిచాడు. రహస్య మిషన్‌లో ఉన్న మనిషి నోట్లోకి అరడజను మంది తొంగిచూశారు.

"మెత్తనిది కావాలంటే నేను నమిలి ఇవ్వాలి," అంది వెనకనుంచి ఒక గొంతు.

అది జవాబు కోడ్. ఎర్మెక్ తిరిగి చూశాడు. నల్లకళ్ళద్దాలు, ఎర్రటి పెదవులు, ఈ దుమ్ములో కూడా నలగని తెల్లకోటు. టీవీలో రోజూ సాయంత్రం వాతావరణం చెప్పే ఐజమాల్! బోలొత్ నోరు కూడా తెరుచుకుంది, ఎవరూ దవడ పట్టుకోకుండానే.

"మీరు కాష్కా-సూ వైపేనా? నేనూ అటే. కొంచెం చోటిస్తారా?"

"చోటేంటి అక్కా, కావాలంటే ఈ డాక్టర్‌ని దింపేస్తా," అన్నాడు బోలొత్.

*

తరువాత జరిగింది ప్రయాణం అనడానికి ఎర్మెక్‌కు నోరు రాదు. అది గొర్రెమాంసం మీద సాగిన యాత్ర.

మొదటి పల్లెలో సాలమత్ పన్ను పీకిన ముసలాయన కనబడ్డాడు. దిగక తప్పదు. టీ, మీగడ, వేయించిన పిండి ముక్కలు. లేవబోతే ఉప్పుమాంసం వచ్చింది. ఆ తరువాత ఇంటిపెద్ద అరచేతులు చాపుతాడు, అందరూ చాపాలి. ఆయన దీవిస్తాడు, అందరూ "ఓమీన్" అని ముఖం తుడుచుకోవాలి. దీవెన కాకముందు లేచినవాడు మనిషి కింద లెక్క కాదు. రెండో పల్లెలో బోలొత్ కుస్తీలో ఓడించినవాడి తమ్ముడు. మళ్ళీ టీ, మళ్ళీ దీవెన. మూడో పల్లెలో వాళ్ళకు చుట్టాలెవరూ లేరు. ఎర్మెక్ ఊపిరి పీల్చుకునేలోపే ఐజమాల్‌ని టీవీలో చూసిన ఇంటివాళ్ళు వచ్చి వ్యాన్ చుట్టూ నిలబడ్డారు.

"మాకు తొందరగా ఉందండీ," అన్నాడు ఎర్మెక్ పళ్ళు కొరుకుతూ.

"తొందరైతే తొందరగానే తాగండి," అంది ఆ ఇంటావిడ.

ఎర్మెక్‌కు ఏడుపొచ్చినంత పనైంది. ఒక ఊరు కొట్టుకుపోబోతోంది. అందులో అతని మేనమామలు, వాళ్ళ పిల్లలు, అమ్మ పుట్టిన ఇల్లు ఉన్నాయి. అతను మాత్రం చెంచాతో మీగడ నాకుతూ కూర్చున్నాడు. అతనితో సమానంగా చికాకు పడుతున్నది ఐజమాల్ ఒక్కతే. మాటిమాటికీ గడియారం చూసుకునేది. ఈ మనుషుల్లో నా బాధ అర్థమైనది ఈమెకే అని ఎర్మెక్ మనసులో దండం పెట్టుకున్నాడు.

"ఆ సైకిల్‌వాణ్ణి చూశావా?" అందామె కనుమ దగ్గర, అతని చెవిలో. పసుపుపచ్చ టోపీ పెట్టుకున్న విదేశీయుడు ఒకడు సైకిల్ తొక్కుకుంటూ పోతున్నాడు. "వాడే కొండకోడి. రాసిస్తా."

పూట పూటంతా వాడి వెనకే తిరిగారు. తీరా ఎర్మెక్ బండరాయి చాటునుంచి దూకి మెడ పట్టుకుంటే, వాడు హాలండ్ నుంచి వచ్చిన లెక్కల మాస్టారు. మూడు రోజులుగా విరేచనాలు. సాలమత్ మందిచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని, పాట కూడా పాడి వినిపించాడు.

"నా డిటెక్టర్ ఎందుకు పలకట్లేదో!" అని లోపల అనుకుంటూ ఎర్మెక్ థర్మాస్ మూత తిప్పాడు. లోపలినుంచి ఆవిరి వచ్చింది.

"జాగ్రత్త, వేడిగా ఉంది," అన్నాడు బోలొత్. "పొద్దున్నే నింపా. ఖాళీ ఫ్లాస్కు పట్టుకు తిరుగుతావేంట్రా, పిచ్చోడిలా? లోపలేదో చెత్త ఉంటే బిష్కెక్‌లోనే పీకి పారేశా."

ఎర్మెక్ మూత బిగించాడు. శత్రువును చంపడానికి డిపార్ట్‌మెంట్ అతనికి ఏడు పద్ధతులు నేర్పింది. అవి స్నేహితుడి మీద వాడకూడదని ఎక్కడా రాయలేదు.

*

గురువారం పొద్దెక్కేసరికి సరస్సు కింది పచ్చికబయలు చేరారు. ఇంకొక్క మలుపు తిరిగితే గట్టు. కొండకోడి ఎవరైనా ఆ గట్టు కనబడే చోటికి రాక తప్పదు. వ్యాన్ ఊపందుకుంది.

దారికి అడ్డంగా గుర్రం మీద ఆసానాలీ మామ నిలబడి ఉన్నాడు. ఎర్మెక్ తల్లికి సొంత అన్న. తెల్లగడ్డం, చేతిలో కొరడా, కళ్ళలో నిప్పులు.

"మా చెల్లెలి కొడుకు నా గుడారం ముందునుంచి దుమ్ము లేపుకుంటూ పోతాడా?"

"మామా, కాళ్ళు పట్టుకుంటా. గంటలో వస్తా."

"మూడు పల్లెల్లో తిన్నావంట. నాకు కబురొచ్చింది. పొద్దున్నే పొట్టేలును కోశా. మామ ఇంటి మాంసం చేదా?"

"చేదు కాదు మామా..."

"అయితే దిగు."

దిగాడు. ప్రపంచంలో ఏ గూఢచారి అయినా దిగాల్సిందే.

గుడారంలో గుమ్మానికి ఎదురుగా ఉండే గౌరవస్థానంలో ఐజమాల్‌ని కూర్చోబెట్టారు, దూరపు అతిథి కదా. ఇటూ అటూ బోలొత్, సాలమత్. ఇంటిబిడ్డ గనక ఎర్మెక్ గుమ్మం పక్కన టీ పోస్తూ కూర్చున్నాడు. మధ్యలో పరిచిన గుడ్డ నిండా రొట్టెలు, మీగడ, మాంసం. తెరిచిన గుమ్మంలోంచి పైన సరస్సు గట్టు, కింద ఇరుకుదారి రెండూ స్పష్టంగా కనబడుతున్నాయి. దూరంగా దుమ్ము లేచింది. కాన్వాయ్!

గట్టు మీద, చుట్టుపక్కల పిట్ట కూడా లేదు. మరి కొండకోడి ఎక్కడ?

"ఇక మమ్మల్ని పంపించు మామా," అన్నాడు.

"పంపకేం చేస్తా? దీవించి పంపుతా," అని మామ అరచేతులు చాపాడు.

అందరి చేతులూ లేచాయి. మామ కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. "మీ దారి తెరుచుకోవాలి. మీ బండి నాలుగు చక్రాలూ చల్లగా ఉండాలి. ఈ డాక్టర్ చేతికి నొప్పి తెలియకూడదు, నోటికి పాట తగ్గాలి. ఈ లావుపాటి అబ్బాయి ఇంట్లో ఊయల ఊగాలి..." ఇక తన తాతముత్తాతల దగ్గరికి వెళ్ళాడు. ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచాడు. దుమ్ము దగ్గరపడుతోంది. ఎర్మెక్‌కు గొంతెత్తి అరవాలనిపించింది. అరచేతులు చాపుకుని కూర్చున్నాడు.

మామ కళ్ళు తెరిచి ఐజమాల్ వైపు తిరిగాడు. "ఈ బిడ్డ చేతిలో కారు తాళం ఉంది. ఆ కారు పదికాలాలు తిరగాలి!"

ఎర్మెక్ చూశాడు. చాపిన ఆమె కుడి అరచేతిలో, మీటలున్న నల్లటి కారు తాళం. ఏ కారు? నారిన్ నుంచి ఆమె తమ వ్యాన్‌లోనే వచ్చింది. ఆ వ్యాన్‌కు తాళమే లేదు.

అప్పుడే ఆమె అతని ముఖం చూసింది. చూసిందని అతనికీ తెలిసింది. ఇద్దరూ కదల్లేదు. ఇద్దరి చేతులూ గాలిలో తెరుచుకునే ఉన్నాయి. మామ గొర్రెలను దీవిస్తున్నాడు. బయట మొదటి ట్రక్కు ఇరుకులోకి దిగింది. ఐజమాల్ బొటనవేలు చాలా నెమ్మదిగా వంగడం మొదలుపెట్టింది.

ఎర్మెక్ దూకాడు.

దీవెన మధ్యలో, పరిచిన గుడ్డ మీదుగా, మీగడ గిన్నె తన్నేసి, బూటుకాలు సరిగ్గా రొట్టె మీద వేసి దూకాడు. బొటనవేలు మీటకు తగిలేలోపు ఆమె మణికట్టు మెలిపెట్టి పట్టుకున్నాడు. తాళం ఎగిరి మాంసం పళ్ళెంలో పడింది. ఐజమాల్ రెండో చేయి కోటు లోపలికి పోయింది.

"బోలొత్, పట్టుకో!"

బోలొత్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు. కాని పట్టుకోమంటే పట్టుకోవడం అతనికి బడిలోనే అలవాటు. ఆమెను బోర్లా పడేసి పైన కూర్చున్నాడు. "క్షమించు అక్కా," అని కూడా అన్నాడు. ఎర్మెక్ పళ్ళెంలోంచి రిమోట్ తీసి బ్యాటరీ పీకేశాడు. కింద ట్రక్కులు ఒక్కొక్కటే ఇరుకు దాటి వెళ్ళిపోయాయి. ఎవరో సైనికుడు గుడారం వైపు చేయి ఊపాడు కూడా.

అత్త వంగి, నలిగిన రొట్టె తీసి, ముద్దుపెట్టుకుని నుదుటికి ఆనించుకుంది. మామ ఆ రొట్టె వైపు వేలు చూపించాడు.

"రొట్టె తొక్కావ్."

"మామా, నేను గూఢచారిని. ఈమె మీ ఊరంతా ముంచేయబోయింది. ఇప్పుడే, ఇక్కడే!"

"గూఢచారివైతే రొట్టె తొక్కమన్నారా?"

ఎర్మెక్‌కు ఒళ్ళు మండింది. ఊరు బతికింది, అందరూ బతికారు. ఒక్కళ్ళైనా శభాష్ అనలేదు. చేతులు కట్టేస్తూ ఐజమాల్‌ని కసిగా అడిగాడు. "కోటు జేబులో ఉంచుకుని నొక్కితే పోయేదిగా? చేయెందుకు చాపావ్?"

ఆమె పెదవుల రంగు చెదిరిపోయింది.

"చెయ్యి దానంతటదే లేచింది. సరిహద్దు ఆ పక్కవాళ్ళు నాకు అన్నీ నేర్పారు. కొట్టినా నోరు విప్పకపోవడం, నిద్ర లేకుండా ఉండటం, మొహం మార్చడం. మా నాయనమ్మ నేర్పింది మాన్పించాలని మాత్రం వాళ్ళలో ఎవడికీ తట్టలేదు."

ఎర్మెక్ శాటిలైట్ ఫోన్ తీశాడు.

"ఐజమాలా? ఆమె మన మనిషి కదా!" అని అరిచాడు కర్నల్.

"అవును సార్. వాళ్ళ మనిషి కూడా."

"హెలికాప్టర్ పంపుతున్నా. దిగగానే ఎక్కించు. ఒక్క నిమిషం ఆలస్యమైనా నీ ఉద్యోగం ఊడుతుంది."

హెలికాప్టర్ గొర్రెలను చెల్లాచెదురు చేస్తూ దిగింది. పైలట్ గుమ్మంలోకి తల పెట్టి, "రెడీనా?" అన్నాడు. మామ అతన్ని భుజం పట్టుకుని లోపల కూర్చోబెట్టాడు. అత్త అతని ముందు గిన్నె పెట్టింది.

"దీవెన మధ్యలో తెగింది," అన్నాడు మామ ఎర్మెక్ వైపు చూడకుండా. "తెగిన దీవెనతో నా గుమ్మం ఎవరూ దాటరు. ఖైదీ అయినా సరే. మొదటినుంచి మొదలుపెడతా."

బోలొత్, సాలమత్, పైలట్, కట్టేసిన చేతులతోనే ఐజమాల్, అందరూ అరచేతులు చాపారు. మామ కళ్ళు మూసుకున్నాడు. ఎర్మెక్ జేబులో ఫోన్ మోగింది, ఆగింది, మళ్ళీ మోగింది. కర్నల్ ఉద్యోగం మాత్రమే పీకగలడు. మామ అయితే అమ్మ పుట్టింటితో చుట్టరికమే పీకేస్తాడు. ఎర్మెక్ చేతులు దించలేదు.