భయాంకం

మూడున్నరకి స్ట్రోక్ వార్డులోకి స్ట్రెచర్ దొర్లుకొచ్చింది. రోగి మూతి ఎడమకి లాగేసింది, కుడిచెయ్యి వేలాడుతోంది, మాట లేదు. నర్సు సుభాషిణి చక్కెర చూసి, బీపీ పట్టీ చుడుతూ ముఖం చూసింది.

చక్రపాణి! సాక్షితూకం కనిపెట్టినవాడు.

"కాస్త మజ్జిగ పట్టనామ్మా?" భార్య వైదేహి సీసా మూత తీసింది.

"వద్దు. మింగలేడు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది."

స్కాన్‌లో మెదడులో రక్తపు గడ్డ కనిపించింది. కరిగించే మందు జబ్బు మొదలైన నాలుగున్నర గంటల్లోపే పడాలి. ఎప్పుడు మొదలైందో చెప్పే సాక్షి మణికట్టుకి సాక్షితూకం కంకణం తొడుగుతారు. భయపడేవాళ్లు వేళ తప్పు చెబుతారని దాని లెక్క. భయాంకం అరవై దాటిందా, మాట చెల్లదు, మందుపెట్టె తెరుచుకోదు.

"రెండున్నరకి, నా కళ్లముందే కూలిపోయారు!"

"భయాంకం ఎనభై ఎనిమిది. మాట చెల్లదు," అంది కంకణం. "మరో సాక్షి?"

ఆరేళ్ల కిందట కూతురు మేనకకి స్ట్రోక్ వచ్చినప్పుడు సుభాషిణి మాట కూడా ఇక్కడే చెల్లలేదు, మందు పడలేదు. ఆ పిల్ల ఇప్పటికీ అమ్మా అని పిలవలేదు. ఫిర్యాదు చేస్తే చక్రపాణి నవ్వాడు: "తల్లులకి గడియారం కనపడదండీ, దయ్యాలే కనపడతాయి."

మరో సాక్షి ఉంది. ఇవాళ రెండుంబావుకి వార్డు గోడమీది పాత తీగ ఫోనుకి చక్రపాణే చేశాడు, రేపు తనిఖీకి వస్తానని గలగలా మాట్లాడాడు. ఎత్తింది తనే.

సుభాషిణి కంకణం తొడుక్కుంది.

"నాకేం తెలీదు."

"భయాంకం సున్నా. మాట చెల్లింది."

ఆరేళ్లలో గుండె ఇంత నిమ్మళంగా కొట్టుకోలేదు. చక్రపాణి కళ్లు ఆమెనే చూస్తున్నాయి. చూడు, బాగా చూడు, అనుకుంది.

వైదేహి ఆమె చెయ్యి పట్టుకుంది. "తెలియకపోతే మీరేం చేస్తారు తల్లీ. మా పాపకెలా చెప్పను? వాళ్ల నాన్న ఫోనెత్తకపోతేనే అన్నం మానేస్తుంది."

సుభాషిణి కంకణాన్ని నోటిదగ్గరికి తెచ్చుకుని అరిచింది. "రెండుంబావుకి బాగున్నాడు! నాతో మాట్లాడాడు!"

"భయాంకం తొంభై రెండు. మాట చెల్లదు."

"ఇందాక అబద్ధం చెప్పాను!"

"ఇందాకటి మాటే చెల్లింది."

వైదేహి వణుకు ఆగిపోయింది. "అంటే, తెలిసీ చెప్పలేదన్నమాట." నర్సు మణికట్టు నుంచి కంకణం లాగి తను తొడుక్కుంది. చూపు సుభాషిణి మీంచి తిప్పకుండా నింపాదిగా అంది: "రెండున్నరకి."

"భయాంకం సున్నా."

మందుపెట్టె తెరుచుకుంది.

"ఎక్కించు," అంది వైదేహి. "ముందు ఆయన్ని లేవనీ. నీ సంగతి తర్వాత."