టికెట్ల సందులో గొంతు

పర్చూరులో చాలాకాలం మూతపడిన ఓ సినిమా హాలు ఉంది. దాని పక్కన టికెట్ల సందు. రెండు గోడల మధ్య ఒక్క మనిషి పట్టే దారి, నెత్తిన ఇనుప చువ్వలు, చివర చెయ్యి మాత్రం దూరే కంత. పొద్దుగూకాక అటు నడిచినవాళ్లకి లోపలి నుంచి సన్నటి గొంతు వినిపిస్తుందని చెబుతారు.

"నాక్కూడా ఒకటి తియ్..."

విన్నవాళ్లు నిలబడరు. మిరప కోతల నుంచి తిరిగొచ్చే ఆడవాళ్లు హాలు ఇంకా రాకముందే రోడ్డు దాటేస్తారు.

అది దానయ్య గొంతని ఊరంతా నమ్మింది. ఇరవై ఏళ్లు దాటింది — రోమ్ యోధుల సినిమా తెలుగులో వచ్చిన మొదటి రోజు, ఆ సందులో తొక్కిసలాట జరిగింది. పొగాకు ఆరబెట్టే బ్యారన్లో పనిచేసే దానయ్య కిందపడ్డాడు. జనం అతని మీదుగానే వెళ్లి టికెట్లు తీసుకున్నారు. ఆట ఆగలేదు. ఛాతీ నలిగి చచ్చాడు గనకే గొంతు అంత సన్నగా వస్తుందని చెప్పుకున్నారు.

ఇన్నేళ్లకి ఆ సినిమా రెండో భాగం వచ్చింది. అంకమ్మరావు హాలుకి రంగులు వేయించాడు. మొదటి భాగం నాడు కంత వెనక కూర్చుని టికెట్లు చించి ఇచ్చింది అతనే. ఇప్పుడు హాలు అతనిదే. రెండో భాగం కోసం కుర్రాళ్లు కొట్టుకు చస్తున్నారు గానీ, సందులో కాలుపెట్టే మొనగాడు లేడు.

అంకమ్మరావు దానయ్య తమ్ముడు నతానియేలుని పిలిపించాడు.

"మీ అన్నే కదరా, నిన్నేం చేస్తాడు? నేను కంత వెనక కూర్చుంటా, జనం చూస్తుండగా ఒక్కసారి లోపలికి దూరి నా దగ్గరికి రా. నువ్వొచ్చావంటే అందరూ వస్తారు."

"అట్టాగేనండి."

నతానియేలుకి కావలసింది వేరు. అన్న పోయేనాటికి అతనికి ఏడేళ్లు. అన్న ముఖానికి ఫోటో ఉంది. గొంతు మాత్రం ఎంత తలచుకున్నా గుర్తు రాదు. ఒక్కసారి వింటే చాలు... తల్లి సంతోషకుమారి బతికున్నన్నాళ్లూ అటు పోనివ్వలేదు. ఆ రోజు సంగతి అడిగితే, "నువ్వు జ్వరంతో ఇంట్లో పడుకున్నావు నాయనా" అని ముఖం తిప్పుకునేది. పోయిన వానాకాలం ఆమె కూడా పోయింది.

చీకటి పడింది. సందు మొదట్లో గేటు దగ్గర జనం మూగారు.

"ఏరా నతానియేలూ, మీ అన్న కనబడితే బాల్కనీ టికెట్టు అడగరా!" అని ఎవడో అరిచాడు. అందరూ నవ్వారు.

అతను దూరాడు.

గోడలు రెండు భుజాలకీ రాసుకున్నాయి. గబ్బిలాల కంపు. సగం దూరం వెళ్లేసరికి బయట నవ్వులు ఆగిపోయాయి.

"అన్నా..." అని గొణిగాడు. "నేను, నతానియేల్ని. ఒక్క మాట మాట్లాడు..."

తర్వాత — నెత్తి మీద నుంచి, చువ్వల్లోంచి —

"నాక్కూడా ఒకటి తియ్..."

అది నలిగిన ఛాతీలోంచి వచ్చిన గొంతు కాదు. అసలు పెద్దవాళ్ల గొంతే కాదు. పిల్లవాడిది. ముందు పళ్లు ఊడిన నోట్లోంచి గాలి పోతోంది.

నతానియేలు అరచేతులకి ఇనుప తుప్పు గరుకుగా తగిలింది. చేతులు ఏ చువ్వనీ పట్టుకుని లేవు.

అప్పుడు గుర్తొచ్చింది. జ్వరం లేదు, ఇల్లు లేదు. తను అన్న వెంట దొంగతనంగా వచ్చి, గోడెక్కి, ఆ చువ్వల మీద బోర్లా పడుకుని కిందికి ఆ మాటే అరిచాడు. వరసలో పోతున్న అన్న ఆగాడు. తలెత్తి నవ్వాడు. వెనకవాళ్లు ఆగలేదు.

ఇన్నేళ్లూ ఊరు భయపడింది తన గొంతుకి.

అన్న గొంతు కోసం ఇంకాసేపు నిలబడ్డాడు. అది రాలేదు.

కంతలోంచి టార్చి వెలుగు ముఖాన పడింది.

"ఏమైందిరా?" అంకమ్మరావు గుసగుసగా అడిగాడు. "మీ అన్నేనా?"

"మా అన్న ఇందులో లేడండి."

అంకమ్మరావు గేటు దాకా వినబడేలా గొంతెత్తాడు.

"లేడంట! రండి, రండి!"

నతానియేలు ఇంకా సందు మధ్యలోనే ఉన్నాడు. గేటు వైపు నుంచి చెప్పుల చప్పుడు మొదలైంది.