పొరదర్శిని

గాజువాక ఆటోనగర్‌లోని ఒక షెడ్డులో, బల్లమీద బిగించిన పాత లారీ కంప్రెసర్ గొట్టంలోకి డాక్టర్ హైమవతి సన్నని వెలుగు తీగను జారవిడిచింది. ఎదురుగా తెరమీద నల్లటి చారలు ఒకదాని కింద ఒకటి తేలసాగాయి. అది 2041వ సంవత్సరం.

పెద్ద లారీకి బ్రేకు వేసేది గాలి. ఇంజను తిరిగేటప్పుడు కంప్రెసర్ ఆ గాలిని ట్యాంకులో నింపుతుంది. కంప్రెసర్ లోపలి రింగులు అరిగితే గాలితోపాటు ఆయిలూ బయటికొచ్చి, వేడికి మాడి, గొట్టంలో మసిగా గడ్డకడుతుంది. దారి ఇరుకైపోతుంది. ఆ మసి పొరలను చదివి, కంప్రెసర్ ఎప్పుడు పాడైందో, ఎప్పుడు విప్పారో, ఏం మార్చారో చెప్పే యంత్రమే హైమవతి తయారుచేసిన పొరదర్శిని.

పరీక్షకు పాత సామాను కావాలని ఆమె అడిగితే, మెకానిక్ పైడిరాజు తొమ్మిదేళ్ళుగా గోనెసంచిలో దాచిన ఈ కంప్రెసర్‌ను గొట్టంతో సహా తెచ్చాడు.

"చివరి ప్రయాణానికి పద్దెనిమిది రోజుల ముందు రింగులు మార్చారు. గొట్టం మాత్రం శుభ్రం చెయ్యలేదు. వెళ్ళాల్సిన గాలిలో మూడోవంతే వెళ్ళింది. ఈ బండికి ఏమైంది?" అంది హైమవతి.

"అనంతగిరి ఘాట్‌లో లోయలో పడింది మేడమ్. రెండో డ్రైవరు సత్తిబాబు పోయాడు. బ్రేకు మీదే దిగాడని, గేరు తగ్గించలేదని, బండి నడిపిన దాలినాయుడికి రెండేళ్ళు జైలు వేశారు."

"గొట్టం బాగుంటే, అంత బ్రేకు వాడినా గాలి చాలేది. రిపేరు ఎవరు చేశారు?"

పైడిరాజు చేతిలోని గుడ్డతో శుభ్రంగానే ఉన్న బల్లను మళ్ళీ తుడిచాడు.

"నేనే. గొట్టం విప్పాలంటే పూట పడుతుంది. ఓనరు తొందరపెట్టాడు. ఈసారికి నడుస్తుందిలే అనుకున్నాను. కోర్టులో నన్నెవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు."

హైమవతి రిపోర్టు ప్రింటు తీసి అతని చేతికిచ్చింది. "యంత్రం పని ఇక్కడితో అయిపోయింది. మిగతాది మీరే చెప్పాలి."

మర్నాడు మధ్యాహ్నం పైడిరాజు చోడవరం వెళ్ళాడు. జైలు నుంచి వచ్చాక దాలినాయుడు మళ్ళీ స్టీరింగు ముట్టలేదని, సత్తిబాబు తల్లి పోలమ్మ ఇంటి పక్కనే గది తీసుకుని రైసుమిల్లులో పనిచేస్తున్నాడని విన్నాడు. పోలమ్మ గుమ్మం ముందే దాలినాయుడు కనిపిస్తే, అక్కడే నిలబడి, దాచకుండా అంతా చెప్పేశాడు. కాళ్ళమీద పడబోతే దాలినాయుడు భుజం పట్టుకుని ఆపాడు.

"అంటే, తప్పు నాది కాదా అన్నా?"

"కాదు తమ్ముడూ. నాది. కోర్టుకొచ్చి చెప్తాను. ముందు ఆ తల్లికి చెప్తాను."

దాలినాయుడి ముఖం వెలుగుతుందని పైడిరాజు అనుకున్నాడు. అది పాలిపోయింది.

"జైలు నుంచొచ్చి మొదటిసారి ఈ గుమ్మంలో నిలబడితే ఈ యమ్మ చీపురుతో కొట్టింది. మూడు నెల్లు రోజూ వచ్చాను, రోజూ తిట్టింది. ఓ రోజు తిట్టి తిట్టి అలిసిపోయి, 'తిన్నావేటిరా' అనడిగింది. అప్పట్నించీ ఇద్దరం ఒకే కుండలో తింటన్నాం. నాకు ముందూ వెనకా ఎవరూ లేరన్నా." గొంతు తగ్గించాడు. "తప్పు నాదైతేనే నేను ఈ ఇంటి మనిషిని. కాదంటే ఏటి చెప్పుకుని లోపలికెళ్ళను? నీ కాగితం తీసుకుపో."

"మరి నేనేం చెయ్యాలి?"

లోపలి నుంచి పోలమ్మ వచ్చింది. "ఎవర్రా నాయుడూ?"

"లారీలు బాగుచేసే అన్న, అమ్మా. ఊరికే చూడ్డానికొచ్చాడు."

"ఎండలో నిలబెట్టి మాటాడతావేట్రా? రా బాబూ, కాళ్ళు కడుక్కో."

పైడిరాజు నోరు తెరిచాడు. దాలినాయుడు అతని కళ్ళల్లోకి చూస్తూ తల అడ్డంగా ఊపాడు. రిపోర్టు మడిచి జేబులో పెట్టుకుని పైడిరాజు లోపలికెళ్ళాడు. పోలమ్మ కంచం పెట్టి, వేడన్నంలో పప్పుచారు పోసి, ఎదురుగా చతికిలబడి విసనకర్ర అందుకుంది.

"మొహమాటపడకు బాబూ, తిను. మా సత్తిబాబు బతికుంటే వాడికీ నీ వయసే ఉండేది."

పైడిరాజు మొదటి ముద్ద కలిపాడు. నోట్లో పెట్టుకున్నాడు. ఆమె చూస్తూనే ఉంది కాబట్టి, మింగాడు.