గాలి మిషనూ, మూడో కప్పు టీ

"గాలిని డబ్బిచ్చి కొనాలా? అదీ ఈ ఊళ్ళోనా?"

ఫెన్నాతో త్యార్క్ అన్న మొదటి మాట అది. నోర్డెన్‌లో సముద్రపు గాలికి చెట్లన్నీ ఒక పక్కకే వంగి ఉంటాయి. సైకిలెక్కితే ఎదురుగాలి కిందికి దింపేస్తుంది. అలాంటి ఊళ్ళో గాలి మిషను అమ్మడానికి వచ్చిందా పిల్ల.

ఫెన్నా తడిసిన టోపీ తీసి దులిపింది. చినుకులన్నీ త్యార్క్ మీదే పడ్డాయి.

"చీమ దూరే సందు లేకుండా ఈ కొత్త ఇల్లు బిగించి కట్టించుకున్నది మీరేగా? మరి లోపల ఊపిరెలా పీలుస్తారు?"

"కిటికీలున్నాయి కదండీ. మా నానమ్మ రోజూ పొద్దున పదింటికి ఇంట్లో కిటికీలన్నీ బార్లా తీస్తుంది. మంచు పడుతున్నా సరే."

"అప్పుడు వెచ్చదనమంతా వీధి పాలు. అదే ఈ మిషన్లో అయితే, బయటికి పోయే గాలి తన వెచ్చదనాన్ని లోపలికొచ్చే గాలికి ఇచ్చేసి పోతుంది. రెండూ పక్కపక్కనే వెళ్తాయి. ఒకదాన్నొకటి తాకవు."

"తాకకుండానే వెచ్చబడతాయా?"

అనేశాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు. చెవులు ఎర్రబడ్డాయి. ఫెన్నా కేటలాగులో మొహం దాచుకుంది.

ఇక ఆ రోజు నుంచి త్యార్క్‌కి ఏ మిషనూ నచ్చలేదు. ఒకటి చప్పుడెక్కువ అన్నాడు. ఇంకోదాని గొట్టాలు మరీ లావన్నాడు. గొట్టాలే లేకుండా గోడల్లో జంటగా బిగించేవి చూపిస్తే, ఒకటి గాలి వదిలితే రెండోది పీలుస్తుందని విని, "జంట వ్యవహారం, తొందరపడకూడదు" అన్నాడు. అలా రెండు నెలల్లో ఐదుసార్లు రప్పించాడు.

ఆమె వచ్చినప్పుడల్లా గేషె నానమ్మ పాత ఇంటి నుంచి కెటిలూ, పింగాణీ కప్పులూ బుట్టలో మోసుకొచ్చేది. కలకండ మీద వేడి టీ పడి చిటపటలాడాలి, పైన మీగడ చుక్క తేలాలి. ఆ ఊళ్ళో మూడు కప్పులు తాగకుండా లేస్తే ఇంటివాళ్ళను అవమానించినట్టే. ఇక చాలనుకుంటే చెంచా కప్పులో పెట్టాలి. మూడో కప్పు కాగానే ఫెన్నా చెంచా పెట్టేసేది. త్యార్క్ ప్రాణం ఉసూరుమనేది.

ఆరోసారి ఆమె పెద్ద ఫ్యానుతో వచ్చింది.

"సోమవారం నుంచి నన్ను దూరాన ఉన్న బ్రేమెన్ ఆఫీసుకి వేశారండీ. ఇల్లు ఎక్కడా గాలి కారడం లేదని తేలితే మిషను ఖాయం చేసేయొచ్చు. దాంతో నా పని అయిపోతుంది."

ఆమె వీధి తలుపు స్థానంలో ఫ్యాను బిగించి, ఇంట్లో గాలిని బయటికి లాగించింది. ఇల్లు ఎక్కడా కారకపోతే ఒత్తిడి చూపే మీటరు ముల్లు కదలకుండా నిలవాలి. నిలవలేదు.

"ఎక్కడో కారుతోంది" అంటూ మేడ మీదికి వెళ్ళి, చాలాసేపటికి దిగింది. "ఇవాళ తేలదండీ. రేపు మళ్ళీ రావాలి."

"రండి, రండి!" అన్నాడు. ఇంటికి చిల్లులు పడ్డాయని ఇంత సంబరపడినవాడు ఇంకొకడుండడు.

మర్నాడు ముల్లు బుద్ధిగా నిలబడింది. సరిగ్గా పది కాగానే ఊగిపోయింది. ఈసారి త్యార్కే మేడెక్కాడు. స్నానాల గది కిటికీ బార్లా తెరిచి, శాలువా కప్పుకుని నిలబడి ఉంది నానమ్మ.

"నానమ్మా! తెరవొద్దని నెత్తీ నోరూ మొత్తుకున్నాను కదా!"

"పదయిందిరా. తెరవకపోతే నాకు తల తిరుగుతుంది."

"నిన్న కూడా నువ్వేనా?"

"నేనే. ఆ పిల్ల చూసిందిగా! 'మోయిన్, బామ్మగారూ' అని పలకరించి, చప్పుడు కాకుండా గది తలుపు చేరవేసి దిగిపోయింది."

త్యార్క్ ఆ గది తలుపు వంక చూశాడు.

"నేను గాలి కోసం తెరిచాను. ఆ పిల్ల ఎందుకు మూయలేదో వెళ్ళి అడుగు, మొద్దు వెధవా."

అతను కిటికీ మూసి, రెండేసి మెట్లు దూకుతూ దిగాడు.

"ముల్లు నిలబడింది. దొరికిందా?" అంది ఫెన్నా.

"దొరికింది. మీకు నిన్ననే దొరికిందట."

ఈసారి చెవులు ఎర్రబడింది ఫెన్నాకి. "నిన్న నేను కాగితం మీద ఏమీ రాయలేదండీ" అంది మెల్లగా. "అబద్ధం రాయలేను. నిజం రాస్తే పని అయిపోతుంది."

త్యార్క్ ఆర్డరు కాగితం లాక్కుని సంతకం చేసేశాడు. "మొదటి రోజు చూపించారే, ఆ మిషనే."

"అది మొదటి రోజే నచ్చిందా?"

"మొదటి రోజే. ఇప్పుడిక నీకు ఇక్కడ పనేం లేదు ఫెన్నా. పని లేకుండా వస్తావా? ఊరికే, నా కోసం?"

ఆమె జవాబిచ్చేలోగా నానమ్మ మేడ దిగొచ్చి టీ పోసింది. ఒకటి, రెండు, మూడు. ముగ్గురి కప్పులూ ఖాళీ అయ్యాయి. త్యార్క్ కళ్ళు ఆమె చెంచా మీదే ఉన్నాయి. చెంచా సాసర్లోంచి కదల్లేదు.

ఫెన్నా కప్పు ముందుకు జరిపింది. "ఇంకాస్త పొయ్యి, నానమ్మా."

ముసలమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "పోస్తాలే గానీ, పరీక్ష అయిపోయిందిగా, ముందా కిటికీలు తియ్యండర్రా. పది ఎప్పుడో దాటింది."

ఇద్దరూ ఒకేసారి లేచారు.