సారమ్మత్త కేక

నా పాట జానపద సింగిల్స్ చార్టులో నంబర్ వన్‌కి ఎక్కిన నాలుగో రోజు, శాంతి నరసరావుపేటలోని నా స్టూడియోకి వచ్చింది. ఆ పాట పాడింది తనే. స్వీట్లు తెచ్చిందేమోనని లేచి నిలబడ్డాను.

"మా అమ్మ ఏది?" అంది.

"సారమ్మత్తా? ఇంట్లో లేదా?"

"పాటలో ఏదీ అంటున్నా! మిరప సాలు కోత అయిపోంగానే అమ్మ వేసిన కేక ఏది?"

అప్పుడు గుర్తొచ్చింది. రాజుపాలెం మిరపచేలో రికార్డు చేస్తుంటే పాట చివర ఎవరో గట్టిగా అరిచారు. నేను పుట్టి పెరిగింది టౌన్లో. గోల అనుకుని శుభ్రంగా కోసేశానని చెప్పాను.

"గోలేంది మేధావీ! ఆ కేక పడితేనే కోతకొచ్చినోళ్ళంతా పక్క సాలుకి మారేది. నిన్న చేలో ఫోన్లో నీ పాట పెట్టారు. అయిపోయినా ఒక్కరూ కదల్లా. అందరూ అమ్మ మొహం వంకే చూశారు. అమ్మేమో తల దించుకుని కాయలు కోసుకుంటా ఉంది."

నవ్వబోయి ఆగాను. శాంతి కళ్ళలో నీళ్ళు. కోపమొస్తే చానా బాగుంటుందని ఆర్నెల్లుగా తెలుసు. ఏడిస్తే తట్టుకోలేనని ఆ రోజే తెలిసింది.

"ఇప్పుడే సరిచేస్తా."

"పెట్టిన పాటని మార్చనీరంటగా! తీసేసి మళ్ళీ పెట్టాలంట. కోటి వ్యూస్ పోతాయి బాబీ. నంబర్ వన్ పోద్ది."

"పాట బాగుంది. మళ్ళీ ఎక్కుద్ది."

"ఎక్కకపోతే?"

"ఇంకోటి చేస్తా. నాకు పని వచ్చు, నీకు గొంతుంది."

డిలీట్ నొక్కాను. శాంతి కెవ్వుమంది.

కేకతో సహా కొత్త పాట పెట్టి, మర్నాడు పొద్దున్నే చేలోకి వెళ్ళి వినిపించాను. పాట చివర కేక పడగానే ఆడవాళ్ళంతా గలగలా నవ్వుతూ పక్క సాలుకి మారారు. సారమ్మత్త కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇప్పుడెన్నో నంబరయ్యా?"

"ప్రస్తుతానికి ఏ నంబరూ లేదత్తా."

"మరి అంత ధీమా ఏంది?"

"పాట మీద ధీమా ఉంది. శాంతి మీదే లేదు. నాకు తనంటే ఇష్టం అత్తా. మీరు ఒప్పుకుంటే పెళ్ళి చేసుకుంటా."

కాయలు కోసే చేతులన్నీ ఆగిపోయాయి.

"నన్నడుగుతావేందయ్యా? దాన్నే అడుగు," అంది సారమ్మత్త.

తల్లి పక్కనే కాయలు కోస్తున్న శాంతి నా వైపు తిరిగింది. బుగ్గలు మిరపకాయల్లా ఉన్నాయి.

"పాట నంబర్ వన్ అయింది కదా, ఇక అడుగుతావేమోనని నాలుగు రోజులు ఎదురుచూశా."

"అప్పుడు అడిగుంటే ఏమనేదానివి?"

"ఆలోచించుకుంటా అనేదాన్ని."

"ఇప్పుడు?"

"ఇప్పుడు ఆలోచించేదేముంది?"